ఆఫీసులో మీ పర్సనల్ బ్రౌజింగ్ ఎవరి కంటా పడకూడదా? ఇన్‌కాగ్నిటో ఒక్కటే సరిపోదు

కిందటేడాది ఒక రోజు పొద్దున్నే స్టాండప్ మీటింగ్. నా స్క్రీన్ షేర్ అవుతోంది. లాగ్స్ చూపిద్దామని కిబానా ఓపెన్ చేయబోయి, అడ్రస్ బార్‌లో ‘కె, ఐ’ అని రెండే అక్షరాలు కొట్టాను. టపీమని కింద లిస్టు తెరుచుకుంది. ‘కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ ఖర్చు హైదరాబాద్’, ‘కిడ్నీ ఎవరు ఇవ్వొచ్చు’... పన్నెండు మంది చూస్తున్నారు. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. లంచ్ టైముకి మాత్రం మా బే మొత్తానికి తెలిసిపోయింది. ఒకడు ‘నీకేనా బ్రో?’ అనడిగాడు. సాయంత్రం లీడ్ పక్కకు పిలిచి, వచ్చే రిలీజ్‌కి నన్ను ఉంచాలా వద్దా అన్నారు. నాన్న రిపోర్టుల సంగతి అప్పటికి మా చెల్లికి కూడా చెప్పలేదు.

ఇంకో సంగతి. ఆ సెర్చ్‌లు నేను ఆఫీసులో చేయనే లేదు. రాత్రి ఇంట్లో, నా ఫోన్‌లో చేశాను. ఆఫీసు లాప్‌టాప్‌లో నా పర్సనల్ జీమెయిల్‌తో సైన్ ఇన్ అయి ఉండటం వల్ల అవి అక్కడికి వచ్చేశాయి.

తప్పు చేసేవాళ్లకే దాపరికం కావాలి అంటుంటారు కొందరు. ఇంట్లో జబ్బు, హోమ్ లోన్, పెళ్లి సంబంధం, కొత్త ఉద్యోగం... వీటిలో తప్పేముంది? ఎవరికి ఎప్పుడు చెప్పాలో మనం నిర్ణయించుకోవాలి, అంతే. ఓపెన్ ఆఫీసులో మన స్క్రీన్‌ని చూసే కళ్లు మూడు రకాలు: పక్క సీటువాళ్లు, స్క్రీన్ షేర్‌లో ఉన్నవాళ్లు, కంపెనీ ఐటీ టీమ్. ఒక్కోదానికి మందు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి పని చేయదు.

ముందుగా, ఇన్‌కాగ్నిటో ఏం చేస్తుంది?

చాలా తక్కువ చేస్తుంది. ఆ విండోలో చూసిన సైట్లు హిస్టరీలో సేవ్ కావు. ఇన్‌కాగ్నిటో విండోలన్నీ మూసేశాక కుకీలు పోతాయి. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం అలాగే ఉంటాయి. మీరు ఏ సైట్‌కి వెళ్లారన్నది నెట్‌వర్క్‌కి కనిపిస్తూనే ఉంటుంది. మీ యాక్టివిటీ మీ కంపెనీకి కనిపించవచ్చని ఆ విండో ఓపెన్ చేయగానే క్రోమే రాసి చూపిస్తుంది. మనం చదవం.

ఇన్‌కాగ్నిటోలో కూడా డేటా సేకరిస్తున్నారంటూ గూగుల్ మీద అమెరికాలో 2020లో కేసు పడింది. 2024లో కుదిరిన సెటిల్‌మెంట్ ప్రకారం కోట్లాది రికార్డులను చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. కాబట్టి పేరు చూసి మోసపోకండి. అది పరదా కాదు, మరుసటి రోజుకి మిగలని నోట్‌బుక్ లాంటిది. రాస్తున్నప్పుడు పక్కనున్నవాడు చూస్తూనే ఉంటాడు.

1. పక్క సీటు కళ్లు

దీనికి సాఫ్ట్‌వేర్ కంటే సీటు, స్క్రీన్ ముఖ్యం. వెనక గోడ ఉన్న సీటు దొరికితే వదలకండి. దొరకకపోతే ప్రైవసీ ఫిల్టర్ చూడండి. దీనిలో కంటికి కనిపించనంత సన్నటి నిలువు పలకలు కిటికీ బ్లైండ్స్ లాగా వరుసగా ఉంటాయి. ఎదురుగా కూర్చున్నవాళ్లకి స్క్రీన్ మామూలుగా కనిపిస్తుంది. మధ్య నుంచి ఏ పక్కకైనా సుమారు 30 డిగ్రీలు దాటితే నల్లబడిపోతుంది. రెండు లోపాలున్నాయి. సరిగ్గా మీ వెనక నిలబడ్డవాళ్లని ఇది ఆపదు. బ్రైట్‌నెస్ కొంత తగ్గుతుంది. కొన్ని బిజినెస్ లాప్‌టాప్‌లలో ఇదే పని చేసే ఫీచర్ డిస్‌ప్లేలోనే ఉంటుంది. హెచ్‌పీ దాన్ని ‘ష్యూర్ వ్యూ’ అంటుంది.

కీబోర్డు వైపు వస్తే, సీటు లేచేటప్పుడు విండోస్ కీ + ఎల్. మ్యాక్ అయితే కంట్రోల్ + కమాండ్ + క్యూ. టీకి వెళ్లినా సరే, లాక్ చేయాల్సిందే. పర్సనల్ పనికి వేరే డెస్క్‌టాప్ పెట్టుకోండి. విండోస్‌లో విండోస్ కీ + కంట్రోల్ + డి నొక్కితే కొత్తది వస్తుంది. విండోస్ కీ + కంట్రోల్ + బాణం గుర్తులతో అటూ ఇటూ మారొచ్చు. డిఫాల్ట్‌గా ఒక డెస్క్‌టాప్‌లోని విండోలు ఇంకోదాని టాస్క్‌బార్‌లో కనిపించవు.

2. స్క్రీన్ షేర్ కళ్లు

నా పరువు తీసింది ఇదే. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను.

స్క్రీన్ మొత్తం ఎప్పుడూ షేర్ చేయకండి. ఒక విండో గానీ ఒక ట్యాబ్ గానీ షేర్ చేయండి. మీటింగ్ యాప్‌లు చాలావరకు ఈ ఆప్షన్ ఇస్తాయి.

ఆఫీసు క్రోమ్ నుంచి పర్సనల్ జీమెయిల్ తీసేయండి. సైన్ ఇన్ అయి ఉంటే మీ ఫోన్‌లో వెతికినవి కూడా అడ్రస్ బార్‌లో సజెషన్లుగా రావచ్చు. సింక్ ఆన్‌లో ఉంటే బుక్‌మార్కులు, పాస్‌వర్డులు కూడా వచ్చేస్తాయి. తప్పదనుకుంటే పర్సనల్ పనికి వేరే క్రోమ్ ప్రొఫైల్ పెట్టుకోండి. రెండిటి హిస్టరీ, సజెషన్లు కలవవు.

ఇప్పటికే ఇబ్బంది పెట్టే సజెషన్ ఉంటే, కింది బాణంతో దాని మీదికి వెళ్లి షిఫ్ట్ + డిలీట్ నొక్కండి. మళ్లీ రెండక్షరాలు కొట్టి, పోయిందో లేదో చూసుకోండి.

నోటిఫికేషన్లు మరిచిపోకండి. మీటింగ్ ముందు విండోస్ 11లో ‘డు నాట్ డిస్టర్బ్’ ఆన్ చేయండి. వాట్సాప్ వెబ్ వాడితే సెట్టింగ్స్‌లో మెసేజ్ ప్రివ్యూ ఆపేసి, ప్రైవసీలో స్క్రీన్ లాక్ పెట్టుకోండి.

3. కంపెనీ కళ్లు

ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. లాప్‌టాప్ కంపెనీది, నెట్‌వర్క్ కంపెనీది. మామూలుగా హెచ్‌టీటీపీఎస్ సైట్‌కి వెళితే నెట్‌వర్క్‌కి డొమైన్ పేరు తెలుస్తుంది, లోపల ఏ పేజీ చదివారో తెలియదు. కానీ చాలా కంపెనీలు తమ సొంత రూట్ సర్టిఫికెట్‌ని లాప్‌టాప్‌లో వేసి, ట్రాఫిక్‌ని మధ్యలో తెరిచి చూసి పంపుతాయి. వైరస్‌ల కోసం, డేటా బయటికి పోకుండా ఉండటం కోసం ఇలా చేస్తాయి. అప్పుడు పేజీ కూడా కనిపిస్తుంది.

మీ లాప్‌టాప్‌లో ఇది ఉందో లేదో ఇలా చూడొచ్చు. ఏదైనా మామూలు న్యూస్ సైట్ ఓపెన్ చేసి, అడ్రస్ పక్కనున్న గుర్తు మీద క్లిక్ చేయండి. ‘కనెక్షన్ ఈజ్ సెక్యూర్’, తర్వాత సర్టిఫికెట్ వివరాల్లోకి వెళ్లి ‘ఇష్యూడ్ బై’ చూడండి. అక్కడ మీ కంపెనీ పేరో, ఏదైనా సెక్యూరిటీ ప్రొడక్ట్ పేరో ఉంటే తనిఖీ జరుగుతున్నట్టే. బ్యాంకు సైట్‌తో చెక్ చేయకండి, వాటిని కొన్ని కంపెనీలు మినహాయిస్తాయి. క్రోమ్ మెనూ చివర ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని ఉంటే బ్రౌజర్ సెట్టింగ్స్ కూడా కంపెనీ చేతిలో ఉన్నాయని అర్థం.

‘వీపీఎన్ వేస్తే సరిపోదా?’ సరిపోదు. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ లాప్‌టాప్‌లోనే ఉంటే, నెట్ ఏ దారిన పోయినా అది స్క్రీన్‌ని చూడగలదు. హాట్‌స్పాట్ పెట్టినా అంతే. పైగా అనుమతి లేని వీపీఎన్ చాలా కంపెనీల్లో పాలసీ ఉల్లంఘన. కిడ్నీ గురించి చదివితే ఉద్యోగం పోదు, వీపీఎన్ వేస్తే పోవచ్చు. మన 2023 డేటా ప్రొటెక్షన్ చట్టంలోని 7వ సెక్షన్ కూడా, కంపెనీ తనను నష్టం నుంచి కాపాడుకోవడం లాంటి ఉద్యోగ అవసరాలకి డేటా వాడుకోవడాన్ని అనుమతిస్తుంది.

మరి ఏం చేయాలి?

మీ ఫోన్, మీ సొంత మొబైల్ డేటా. ఇంతకంటే మంచి ఉపాయం లేదు. ఆఫీసు వైఫై ఆపేయండి, లేకపోతే డొమైన్ పేర్లు వాళ్ల నెట్‌వర్క్‌లోనే పోతాయి. ఫోన్‌కి ప్రైవసీ టెంపర్డ్ గ్లాస్ వేయించండి. ఆండ్రాయిడ్ క్రోమ్ సెట్టింగ్స్‌లో ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లకి లాక్ పెట్టే ఆప్షన్ ఉంది. క్రోమ్ నుంచి బయటికి వెళ్లి మళ్లీ వస్తే వేలిముద్ర అడుగుతుంది. అది ఆన్ చేయండి. ఆఫీసు మెయిల్ ఫోన్‌లో కావాలంటే వర్క్ ప్రొఫైల్‌లో వేసుకోండి. సొంత ఫోన్‌లో అలా వేసుకుంటే మీ పర్సనల్ యాప్‌ల డేటా ఐటీ టీమ్‌కి కనిపించదు.

ఆ రోజు తర్వాత నేను మార్చుకున్నది ఇంతే: ఆఫీసు లాప్‌టాప్‌లో పర్సనల్ జీమెయిల్ లేదు, స్క్రీన్ మొత్తం షేర్ చేయను. హాస్పిటల్ పనులన్నీ మెట్ల దగ్గర నిలబడి ఫోన్‌లోనే. నాన్న సంగతి చెల్లికి ఆ ఆదివారం ఇంటికి వెళ్లి చెప్పాను. ఆఫీసులో అందరికీ తెలిశాక చెప్పాల్సి వచ్చిందే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీకు అలా జరగకూడదంటే, తర్వాతి మీటింగ్‌కి ముందే ఒకసారి ఆఫీసు క్రోమ్‌లో కుడివైపు పైన ఎవరి ఫోటో ఉందో చూసుకోండి.