దీపం వెలిగే చోట ముందు మోకరిద్దాం

గౌరీపట్నం నిర్మలగిరికి వెళ్ళినా, మన విచారణ గుడికి వెళ్ళినా, పూలదండతో ముందు మరియమాత స్వరూపం వద్దకే నడుస్తాం. గుడిలోని ఒక్కొక్క పీఠం ఏమి బోధిస్తోంది?

బలిపీఠం క్రీస్తుకే చిహ్నం. అది బలి అర్పించే స్థలం, ప్రభువు విందు బల్ల. అందుకే గురువు దానిని ముద్దిడుతారు, మనం తల వంచుతాం. వాక్యపీఠం నుండి దేవుడు తన ప్రజతో మాట్లాడతాడు. అది ప్రకటనలు చదివే చోటు కాదు.

దివ్యమందసంలో సత్ప్రసాదనాథుడు నిజముగా వేంచేసియున్నాడు. రోగులకు దివ్యసత్ప్రసాదం అక్కడినుండే వెళుతుంది. అందుకే దాని ఎదుట ప్రత్యేక దీపం ఎడతెగక వెలగాలని 1983 నాటి తిరుసభ చట్టం 940వ నిబంధన ఆదేశిస్తోంది. ఆ దీపం చూడగానే ముందు మోకాలు వంచుదాం, పిమ్మట తల్లి చెంతకు వెళదాం. కానా పెండ్లిలో సేవకులను తన కుమారుని వైపు త్రిప్పిన ఆ తల్లి కోరేదీ ఇదే.