డబ్బా ఎక్కడుందో నాకూ చెప్పకు

చెల్లెమ్మా, మీ మామగారు పోగుచేసిన పాత నాణేల డబ్బా ఇంట్లో ఎక్కడ దాచావో నాకు కూడా చెప్పకు. ఉందని మాత్రం నాకు తెలుసు. మన హైదరాబాద్‌లో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పాత ఇళ్లలో పట్టుచీరల కింద గుడ్డమూటలోనో, అటక మీద హార్లిక్స్ సీసాలోనో అణాలు, చిల్లు కానీలు, నిజాం కాలపు చార్మినార్ రూపాయిలు ఉంటూనే ఉంటాయి. ఇటు అంబర్‌పేట్‌లోనూ పాత ఇళ్లు కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. సామాను సర్దే హడావుడిలోనే ఆ డబ్బాలు పదిమంది కళ్లలో పడుతున్నాయి.

గట్టి తాళం వేస్తే సరిపోతుందనుకుంటాం. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఏం జరిగిందో గుర్తుందా? దొంగలు రాత్రిపూట వెంటిలేటర్ చువ్వలు తీసి, తాడు పట్టుకుని లోపలికి దిగారు. ఏడో నిజాం బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకెళ్లారు. కొద్దిరోజుల్లోనే ఇద్దరు దొంగలూ దొరికారు, సొత్తూ దొరికింది. వజ్రాలు పొదిగిన ఆ టిఫిన్ డబ్బాను ఎవరికి చూపించినా ఎక్కడిదో ఇట్టే చెప్పేస్తారు. ఇంకెవరు కొంటారు?

మన రూపాయికి ఆ గుర్తింపు లేదు. రేపు దొంగ దొరికి, స్టేషన్‌లో బల్ల మీద నాణేలు కుప్పపోసి, “ఇందులో నీవి ఏవమ్మా?” అని అడిగితే ఏమని చూపిస్తావు? నా బాధంతా అక్కడే. డబ్బా పోయిందని కళ్లనీళ్లు పెట్టుకున్న ఆడవాళ్లను చూశాను. అందులో ఏమేం ఉన్నాయని అడిగితే మాత్రం నోట మాట రాదు.

అందుకని ఈ ఆదివారం వంట ముగించుకుని ఆ డబ్బా ముందేసుకో. ఒక చార్మినార్ రూపాయి తీసి వెలుతురులో పట్టుకుని చూడు. చార్మినార్ ద్వారంలో చిన్న ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ నాణెమైతే అది ‘ఐన్’. హిజ్రీ 1330 నాటి వాటిలో ఆ అక్షరం పొట్టిగా ఉన్నవీ, నిండుగా ఉన్నవీ ఉన్నాయి. సేకరించేవాళ్లకు అవి రెండూ వేరు. కొత్తగా ఉన్నప్పుడు ఈ రూపాయి 11.18 గ్రాములు తూగేది, అరిగితే ఆ మేరకు తగ్గుతుంది. అంచున నొక్కు ఉందా? ఒకప్పుడు దండకు వేసుకుని, తర్వాత కొక్కెం పీకేసిన అతుకు మచ్చ ఉందా? ఆ మచ్చే నీ సాక్షి. రెండువైపులా, అంచునా ఫొటోలు తీసి, సంవత్సరం, బరువు, మచ్చలు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టు. ఫోన్ పోతే ఫొటోలూ పోతాయి కాబట్టి ఈమెయిల్‌లోనూ దాచుకో. ఆ నోట్‌బుక్ మాత్రం డబ్బా పక్కనే పెట్టకు, దొంగకు ధరల పట్టీ చేతికిచ్చినట్టవుతుంది.

అన్నట్టు, ఫొటోలో మెరవాలని చింతపండు పెట్టి తోమేవు సుమా! విలువా పడిపోతుంది, గుర్తులూ చెరిగిపోతాయి.

వెండీ బంగారూ ఉంటే బ్యాంకు లాకరే మేలు. అయితే ఒక సంగతి తెలుసుకో. లాకర్లో దొంగతనం జరిగినా, సిబ్బంది మోసం చేసినా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ఇది. అద్దె 3,000 అయితే 3 లక్షలు. లోపల ఏం పెట్టావో బ్యాంకుకు తెలియదు కనుక ఇక్కడా నీ నోట్‌బుక్కే ఆధారం. ఇంటి బీమా ఉన్నా నాణేలు అందులోకి వస్తాయో రావో విడిగా అడిగి రాయించుకో.

ఇక నోటి సంగతి. పేరంటానికి వచ్చినవాళ్లకు డబ్బా తెరిచి చూపించడం, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం మానెయ్. ఏదైనా కనబడకపోతే ముందు పనిమనిషి మీదో, వాచ్‌మన్ మీదో పడిపోతాం. అది ఎంత అన్యాయమో! రుజువు లేని ఒక్క మాటతో ఆ మనిషికి కాలనీలో పని దొరక్కుండా పోతుంది. పండక్కి ఊరెళ్లేటప్పుడు మీ పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్లు, వాళ్లు కూడా చెప్పమనే అంటారు. దొంగతనం జరిగితే బీరువా ముట్టుకోకుండా 112కు ఫోన్ చేసి, ఫిర్యాదుకు ఆ జాబితా జతచెయ్యి. దొరికిన సొత్తు కోర్టు ద్వారా చేతికి వస్తుంది, కాస్త ఓపిక పట్టాలి.

తాళం పగలగొట్టని దొంగలూ ఉన్నారు. “మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు కమిషన్ కట్టండి” అని ఫోన్ వస్తే పెట్టెయ్. తన పేరు వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది.

ఇక్కడ భయమని అమెరికాలో ఉన్న అబ్బాయి సూట్‌కేసులో మాత్రం పెట్టి పంపకు. వందేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు, మనంతట మనం దేశం దాటించకూడదు. హిజ్రీ 1330 అంటే 1911–12, ఆ రూపాయికి ఎప్పుడో వందేళ్లు నిండాయి. వాడికి ఫొటోలు పంపు. సంక్రాంతికి వచ్చినప్పుడు నాణేలు ఇక్కడే చూసుకుంటాడు.