రెటీనా ఫోటోల పనిలో చేరే పిల్లలకు

షుగరు వల్ల కంటికి వచ్చే జబ్బును, అదే డయాబెటిక్ రెటినోపతిని, ముందుగా పట్టే పనిలో ఇంజనీరుగా చాలా ఏళ్లు కంటి డాక్టర్ల పక్కన కూర్చున్నాను. కొత్తగా వచ్చేవాళ్లు అడుగుతుంటే గుర్తొచ్చిన వరసలో రాస్తున్నాను.

1. ముందు ఓపీలో కూర్చోండి. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, చూపూ తగ్గదు. మసకలు కమ్మేసరికి లోపల రక్తం కారడమో, రెటీనా నడిమి భాగమైన మాక్యులా వాయడమో అయిపోయి ఉంటుంది. “నాకు బాగానే కనిపిస్తోంది కదయ్యా” అనే పెద్దమనిషిని కెమెరా ముందు కూర్చోబెట్టడమే సగం కష్టం. కోడ్ రాసే గదిలో ఇది తెలియదు.

2. సరైన జవాబు ఎవరిదో మొదటే తేల్చుకోండి. ఒకే ఫోటోను ఒక డాక్టరు మైల్డ్ అంటారు, ఇంకొకరు మోడరేట్ అంటారు. ఇద్దరూ గట్టివాళ్లే. గూగుల్ వాళ్లు మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ వైద్యులతో కలిసి 2016లో జామా అనే వైద్య పత్రికలో వేసిన పరిశోధన చదవండి. దాదాపు 1,28,000 ఫోటోలు, 54 మంది వైద్యులు, ఒక్కో ఫోటోకు 3 నుంచి 7 సార్లు గ్రేడింగ్. ఫోటో చూసి జబ్బు పట్టే వాళ్ల అల్గారిథమ్‌ను అందరూ మెచ్చుకున్నారు. నాకైతే ఆ గ్రేడింగ్ చేసినవాళ్ల ఓపికే గొప్పగా తోచింది. సన్న రక్తనాళం ఉబ్బిన మైక్రోఅన్యూరిజమూ చుక్కే, లెన్సు మీద పడ్డ దుమ్మూ చుక్కే. ఏది ఏదో డాక్టరుతో వాదించి తేల్చుకోవాల్సిందే. ఆ వాదన జరగని ప్రాజెక్టును నేను నమ్మను.

3. ఫోటో తీసే టెక్నీషియన్ పేరు పరిశోధన పేపర్లో ఉండాలి. వయసు మళ్లినవాళ్ల కంటిపాప చిన్నగా ఉంటుంది, చాలామందికి శుక్లాలూ ఉంటాయి. గది చీకటి చేసి, ఒక కంటి ఫోటో తీశాక కాసేపు ఆగి రెండో కంటిది తీస్తే బాగా వస్తుందని నాకు చెప్పింది ఓ టెక్నీషియన్ అమ్మాయే. థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో గూగుల్ వ్యవస్థ 1,838 ఫోటోల్లో 21 శాతాన్ని పనికిరావని తిప్పికొట్టింది. సరైన చీకటి లేని గదులు అందుకు ఒక కారణం.

4. మీ విద్యకు బయట ఉన్నవాళ్లను వెతుక్కోండి. రెటీనా పొరలను కోయకుండా చూపించే ఓసీటీ స్కాన్ 1991లో అలాగే పుట్టింది. లేజర్లు తెలిసిన ఫుజిమోటో, ఉపగ్రహాల మధ్య లేజర్ సంకేతాల మీద పనిచేసిన స్వాన్సన్, విద్యార్థి హువాంగ్, వాళ్లతో కంటి వైద్యులు.

5. ఫోటోలు ఎవరివి, పేషెంటు పేరు ఎక్కడ తీసేయాలి, పేపర్లో ఎవరి పేరు ముందు? స్నేహం బాగున్నప్పుడే కాగితం మీద పెట్టుకోండి.

6. జబ్బు దొరికాక ఎక్కడికి పంపుతారు? షుగరుతో సంబంధం లేకపోయినా, నెలలు నిండక పుట్టిన బిడ్డలకు వచ్చే రెటినోపతినే చూడండి. పుట్టిన నెలలోపు కన్ను చూడాలి. తీవ్రంగా ఉంటే రెండు మూడు రోజుల్లోనే చికిత్స పడాలి. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు నర్సరీలకే వెళ్లి బిడ్డలను చూడడం అందుకే. లేజర్ చికిత్స చేసే డాక్టరు ఎవరో తేలనిదే స్క్రీనింగ్ మొదలుపెట్టొద్దని మీటింగుల్లో అడ్డుపడేవాణ్ణి. కొందరు నన్ను పిలవడం మానేశారు కూడా.