రంది మెదడును ఏం చేస్తుంది?



పెద్దవంగర మండలంలో పత్తి పెట్టిన కౌలు రైతుల ఇండ్లను గమనించండి. మిత్తి పెరిగే నెలల్లో ఇంటాయనకు తాళంచెవి యాడ పెట్టిండో యాదికుండదు. పిల్లలు పలకరిస్తే కసురుకుంటడు. రాత్రి రెండింటికే మెలకువ. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటరు. కొందరు "పోయిన జన్మ కర్మ" అంటరు. ఊరి పెద్దలైతే "వాళ్లకు బుర్రే తక్కువ" అని తేల్చేస్తరు. ఈ మూడూ అబద్ధాలే. దీనికి మన ఊళ్లల్ల ఎప్పటినుంచో ఒక పేరుంది: రంది.

పాము ఎదురైతే ఒంట్లో అడ్రినలిన్, కార్టిజాల్ పెరుగుతాయి. అవి మనల్ని కాపాడతాయి, పాము పోగానే తగ్గుతాయి. అప్పు అట్ల పోదు. నెలల తరబడి కార్టిజాల్ ఎక్కువగా ఉంటే మెదడు దెబ్బతింటుంది. నాడీకణాలు కొమ్మల్లాంటి పోగులతో కబుర్లు అందుకుంటాయి. బెంగళూరు శాస్త్రవేత్తలు ఎలుకలను రోజుల తరబడి ఒత్తిడిలో ఉంచి చూశారు (2002). జ్ఞాపకాన్ని కూర్చే హిప్పోక్యాంపస్‌లో ఆ కొమ్మలు కుంచించుకుపోయాయి, భయాన్ని పసిగట్టే అమిగ్డలాలో పెరిగాయి. ఒత్తిడి ఆపితే హిప్పోక్యాంపస్ కోలుకుంది గానీ అమిగ్డలా అంత తొందరగా మామూలు కాలేదు. ఎలుక మనిషి కాదు, నిజమే. అయినా అప్పు తీరినంక కూడా కొందరిలో ఉలికిపాటు, చిరాకు ఎందుకు మిగులుతాయో ఇందులో కొంత అర్థమవుతుంది.

తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందు, కోత తర్వాత తెలివి పరీక్షలు పెట్టారు. 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. చేతిలో డబ్బు లేని కోతకు ముందు మార్కులు తగ్గాయి. మనిషి అతనే, బుర్ర అదే!

ఇక ధమ్మం సంగతి. 'సతి'ని మనం ఎరుక అంటున్నాం. ఆ పాళీ మాటకు మొదటి అర్థం జ్ఞాపకమే. (1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ తగలబెట్టించిన 'స్మృతి' వేరు!) శ్వాసను గమనిస్తూ రోజూ కాసేపు కూర్చోండి, మనసు నెమ్మదిస్తుంది. కానీ "మనసు అదుపుల పెట్టుకో, అంతా సర్దుకుంటది" అని చెప్పి చేతులు దులుపుకునేది ధమ్మం కాదు. దుఃఖాన్ని గుర్తించి, దాన్ని తొలగించే దారి చూపడమే ధమ్మానికి పునాది అన్నారు బాబాసాహెబ్. గత జన్మ కర్మను ఆయన ఒప్పుకోలేదు. మిత్తి, కౌలు కూడా దుఃఖ కారణాలే. వాటి మీద కూడా కొట్లాడాలె.

నిద్ర కోసం మందు తాగకండి. ఐదో శీలం సంగతి అట్లుంచినా, మత్తు నిద్రను చెడగొడుతుంది. అప్పు లెక్క భార్యకు దాచకండి, సంఘంలో నోరు విప్పండి. చావు ఆలోచన వస్తే ఆ రాత్రే 14416, టెలి మానస్‌కు ఫోన్ చేయండి. ఏ వేళైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.