మల్లె సెంటు మధ్యాహ్నం దాకా నిలవాలంటే

ప్రశ్న: మల్లె, గ్రీన్ టీ కలిసిన తేలికపాటి సెంటు వాడుతున్నాను. బస్సెక్కి అనంతపురంలో ఆఫీసు చేరేలోగా వాసన పోతోంది. నకిలీదంటారా?
– ఒక పాఠకురాలు, బుక్కరాయసముద్రం

జవాబు: వాసన త్వరగా పోయిందని నకిలీ అనుకోనక్కర్లేదమ్మా. ఈ తరహా సెంట్లే తేలిక. 1992లో సెంట్ల రూపకర్త జాన్ క్లోద్ ఎలెనా, బుల్గారీ కంపెనీ కోసం చేసిన గ్రీన్ టీ సెంటుతో వీటికి పేరొచ్చింది. 1999లో ఎలిజబెత్ ఆర్డెన్ కంపెనీ గ్రీన్ టీ సెంటు వచ్చింది. వీటిలో ముందు తగిలే నిమ్మజాతి వాసనలు ఎక్కడైనా తొందరగానే ఆవిరైపోతాయి. మన ఎండకు, పొడిగాలికి ఇంకా తొందర. పొడిబారిన చర్మం మీద సెంటు నిలవదు.

స్నానం కాగానే, ఒళ్లు కాస్త తడిగా ఉండగానే వాసనలేని మాయిశ్చరైజర్ రాసి, మెడ దగ్గర, మోచేతి మడతల్లో కొట్టుకోండి. మణికట్లు రుద్దుకోవద్దు. నూలు చున్నీ మీద ఒక్కసారి చాలు. పట్టు మీద మరక పడొచ్చు. ఇంకో మాట, మన ముక్కు అలవాటుపడి మన వాసన మనకే తెలియదు. మళ్లీ కొట్టుకునే ముందు పక్క సీటావిడను అడగండి.

సీసా స్కూటీ డిక్కీలో ఉంచొద్దు, వేడికి పాడవుతుంది. జడలో మల్లెలు పెట్టుకున్న రోజు మాత్రం సెంటు మానేయండి. అసలు మల్లె ముందు గ్రీన్ టీ వాసన తేలిపోతుంది.