జొన్నగింజలు, బేనిషా, రెండు కట్టల పుదీనా

చిరంజీవి బుజ్జికి,


నువ్వు పంపిన జొన్న సలాడ్ ఫొటో చూశాను. జొన్నలు బాగానే ఉడికాయి, పండ్లూ మంచివే తెచ్చావు. కానీ గిన్నె అడుగున నీళ్ళు నిలిచాయి, పుదీనా నల్లబడింది, పుచ్చకాయ ముక్కలు వడలిపోయాయి. రాసినట్టే చేశాను పెద్దమ్మా అన్నావు. చేసే ఉంటావు. రాసిన పద్ధతిలో ఏమేం వెయ్యాలో ఉంటుంది గాని, ఏది ఎప్పుడు నీళ్ళు తాగుతుందో, ఏది ఎప్పుడు వదులుతుందో ఉండదు. ఈ సలాడ్‌లో ఉడికించే పని ఒక్క జొన్నలకే. తక్కినదంతా నీటి లెక్కే నాయనా.

ముందు గింజ సంగతి. ఈ పనికి జొన్నే ఎందుకు, కొర్రలు ఎందుకు కాదు అని అడిగావు. కొర్రలు, సామలు, ఊదలు, అరికలు, వరిగలు పైన గట్టి పొట్టుతో పుడతాయి. ఆ పొట్టు మనం తినలేం, తీసెయ్యాల్సిందే. తీశాక వచ్చేదే కొర్రబియ్యం. అక్కడితో ఆపితే మంచిదే. ఇంకా తెల్లగా కనపడాలని పాలిష్ పట్టారంటే తవుడూ, మొలకెత్తే భాగమూ పోతాయి, పిండి మిగులుతుంది. ప్యాకెట్ చూసి ఎంత పాలిష్ పట్టారో చెప్పడం కష్టం. జొన్నకు ఆ బాధ లేదు. కళ్ళంలో నూర్చేటప్పుడే పైపొర ఊడిపోయి గింజ బయటపడుతుంది, అలాగే వండుకోవచ్చు. పైగా ఉడికినా గింజ గింజగానే ఉంటుంది. కొర్రలు ఒక నిమిషం ఎక్కువైతే ముద్దవుతాయి. పెరుగన్నంలా కలుపుకోవడానికి ఆ ముద్ద బాగుంటుంది గాని, సలాడ్‌లో పంటికి తగలాలి కదా. గోధుమ పడని స్నేహితుడెవరైనా నీ గదికి వస్తే వాడికీ ఇది పెట్టొచ్చు.

తెల్లజొన్న తెచ్చుకో. పచ్చజొన్న దొరికితే ఇంకా మంచిది, రంగు బాగుంటుంది. రైతుబజారులో విడిగా తెచ్చినవైతే ఒకసారి చెరిగి, తర్వాత గాలించు. చేటలు మీ గదిలో ఎక్కడుంటాయి, పెద్ద పళ్ళెంలో పోసి ఊదుకున్నా చాలు. గాలించడం మాత్రం మానకు. గిన్నెలో నీళ్ళు పోసి, గుండ్రంగా తిప్పుతూ పైపైన ఉన్న గింజల్ని ఇంకో గిన్నెలోకి వంచుకో, రాళ్ళు అడుగున నిలుస్తాయి. సూపర్ మార్కెట్ ప్యాకెట్‌లో రాళ్ళు ఉండవనుకుంటారు. నేనైతే ఏ ప్యాకెట్‌నీ నమ్మను.

ముగ్గురికి ఒక కప్పు గింజలు చాలు. ఉడికితే రెండున్నర, మూడు కప్పులవుతాయి. రాత్రి నానబెట్టు. ఎండాకాలం బయట పెడితే తెల్లారేసరికి పులిసిన వాసన వస్తుంది కాబట్టి ఫ్రిజ్‌లోనే నాననివ్వు. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కొత్తగా మూడు కప్పుల నీళ్ళూ అర చెంచా ఉప్పూ వేసి కుక్కర్‌లో పెట్టు. ఒక విజిల్ రాగానే మంట తగ్గించి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతటదే పోయేదాకా ఆగు. ఒక గింజ కొరికి చూడు. పైన కాస్త పగిలి, లోపల తెల్లటి పొడి మిగలకుండా మెత్తగా, కొంచెం సాగినట్టు ఉండాలి. మధ్యలో పలుకు తగిలితే ఇంకో ఐదు నిమిషాలు. పాత జొన్నకు ఎక్కువ సమయం పడుతుంది, అది గడియారం చెప్పదు, పన్నే చెప్పాలి.

ఇక నువ్వు చెయ్యనిది ఒకటుంది. ఉడికాక చిల్లుల గిన్నెలో వార్చి, పెద్ద పళ్ళెంలోనో పొడి గుడ్డ మీదో పలచగా పరచాలి. నువ్వు వేడివేడిగా గిన్నెలోనే మూత పెట్టి ఉంచావు. ఆ ఆవిరంతా మళ్ళీ నీరై గింజల మీదకే దిగింది. పరిస్తే పైతడి పది నిమిషాల్లో ఎగిరిపోతుంది, గింజలు అంటుకోవు. తొందరగా చల్లారడం ఆరోగ్యానికీ అవసరమే. ఉడికిన ధాన్యం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే అందులో చెడు సూక్ష్మజీవులు పెరుగుతాయి, మళ్ళీ వేడి చేసినా కొన్నిటి విషం పోదు. వార్చిన గంజి మాత్రం పారబొయ్యకు. చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు కలుపుకుని తాగు. ఎండలో తిరిగొచ్చిన వాడికి అంతకు మించింది లేదు.

గింజలు ఇంకా గోరువెచ్చగా ఉండగానే ఒకటిన్నర నిమ్మకాయ పిండు. చిటికెడు ఉప్పు, వేయించి దంచిన జీలకర్ర, మిరియాలు చల్లు. వెచ్చగా ఉన్నప్పుడు గింజ పులుపునూ ఉప్పునూ లోపలికి తీసుకుంటుంది, చల్లారాక వేస్తే పైపైనే ఉండిపోతాయి. ఇవి పట్టాకే నూనె. రెండు పెద్ద చెంచాల గానుగ నువ్వులనూనె చాలు. నూనె ముందు వేస్తే గింజకు పొర కట్టి పులుపును దగ్గరికి రానివ్వదు. ఇక్కడిదాకా చేసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు రోజులు నిలుస్తుంది. చలికి గింజ గట్టిబడుతుంది, కంగారు పడకు. వేడినీళ్ళు చిలకరించి కాసేపు మూత పెడితే మెత్తబడుతుంది. తర్వాత మూత తీసి ఆరనివ్వు.

పండ్ల దగ్గరే నువ్వు దెబ్బతిన్నావు. పుచ్చకాయకు ఈ గిన్నెలో చోటు లేదు. దాన్ని కోసిన క్షణం నుంచే నీరు కారుతుంది, ఉప్పు తగిలితే ఇంకా కారుతుంది. మీ అమ్మ మాగాయకు ముక్కలకు ఉప్పు పట్టించాక తెల్లారేసరికి ఎంత ఊట వస్తుందో చూశావుగా. నీ గిన్నెలోనూ అంతే. పుచ్చకాయను విడిగా తిను, బాగుంటుంది.

దీనికి తగిన పండు బేనిషా. అదే మన బనగానపల్లె మామిడి. దానికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ సంగతి తెలియని వాళ్ళు కూడా దాని రుచి ఎరుగుదురు. కండలో పీచు లేకపోవడంతో ముక్క అంచు చెదరకుండా తెగుతుంది. పూర్తిగా మాగినది వద్దు, దోరపండు తెచ్చుకో. నొక్కితే వేలు దిగకుండా, ముక్కుకు మాత్రం వాసన తగలాలి. రసాలు తెస్తానంటే మాత్రం ఒప్పుకోను. అవి జుర్రుకోవడానికి పుట్టాయి, కోతకు కాదు. బేనిషా దొరక్కపోతే దోర తోతాపురి సరిపోతుంది, పులుపు ఎక్కువ కాబట్టి నిమ్మరసం సగం తగ్గించు.

రెండో పండు దానిమ్మ. గింజ తన రసాన్ని తన తొక్కలోనే దాచుకుంటుంది, నువ్వు కొరికేదాకా వదలదు. నీరు కారని పండు ఇంతకంటే ఏముంది! మూడోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, తాటిముంజ. మరీ లేతది కోస్తే లోపలి నీళ్ళు కారిపోయి తొక్కే మిగులుతుంది. ఒక పాటి ముదిరిన ముంజలు ఏరి, పైపొర ఒలిచి, నాలుగేసి ముక్కలు చెయ్యి. రుచి చప్పగా ఉంటుంది, నిజమే. ఆ చప్పదనమే మామిడి పులుపుకు పక్కన నిలబడుతుంది. అరటి, సపోటా వద్దు, చితికి గింజలకు జిగురు పట్టిస్తాయి.

ఇప్పుడు ఆకులు. ఇక్కడే మనవాళ్ళు పిసినారులు. కూర దించాక పైన నాలుగు కొత్తిమీర రెబ్బలు చల్లి అలంకారం చేస్తారు. లెబనాన్ వాళ్ళు తబూలే అని ఒకటి చేస్తారు. అందులో ఉడికించి ఎండబెట్టి విరగ్గొట్టిన గోధుమ రవ్వ ఉంటుంది, కానీ కొంచెమే. గిన్నె నిండా పార్స్లీ, పుదీనా ఆకులే, వాటి మధ్య గింజ కనపడీ కనపడకుండా ఉంటుంది. నిన్ను అంత దూరం పొమ్మనను. ఒక కప్పు జొన్నకు రెండు కట్టల పుదీనా, ఒక కట్ట కొత్తిమీర వెయ్యి. కొత్తిమీర లేత కాడలు పారెయ్యకు, సన్నగా తరిగితే ఆకు కంటే కాడలోనే వాసన ఎక్కువ. వామాకు ఉంటే ఒకే ఒక్క ఆకు, సన్నగా. రెండు వేస్తే జలుబు మందు వాసన వస్తుంది.

ఆకుల్ని పెద్ద గిన్నె నీళ్ళలో ముంచి, కాసేపాగి చేత్తో పైకి తీసెయ్యి. మట్టి అడుగున ఉండిపోతుంది. నీళ్ళతో సహా వంచేస్తే ఆ మట్టి మళ్ళీ ఆకుల మీదకే వస్తుంది. రెండు మూడు సార్లు అలా చేసి, పొడి గుడ్డ మీద ఫ్యాను కింద ఆరనివ్వు. నీ గిన్నెలో నిలిచిన నీళ్ళలో కొన్ని ఆకుల మీద మిగిలినవే. పుదీనాను తినబోయే ముందు, పదునైన కత్తితో ఒక్కసారి కొయ్యి. మొండి కత్తితో నలిపి కోస్తే గాలి తగిలి అంచులు వెంటనే నల్లబడతాయి. కత్తి మొండిదైతే చేత్తో పెద్దగా తుంచుకో, అదే మేలు.

కలపడం తినే ముందే. జొన్న, సన్నగా తరిగిన పచ్చిమిరపకాయ ఒకటి, ఆకులు, ఆపైన మామిడి, ముంజ, దానిమ్మ, చివర వేయించి కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగ బుడ్డలు. బుడ్డలు ముందే వేస్తే తడిని పీల్చుకుని మెత్తబడతాయి. రెండు చేతులతో అడుగు నుంచి పైకి ఎత్తుతూ కలుపు, గరిటెతో నలపకు. కాలేజీకి పట్టుకెళ్ళాలంటే గింజలు ఒక డబ్బాలో, పండ్లు ఇంకో డబ్బాలో, ఆకులు తడిలేని గుడ్డలో చుట్టుకుని వెళ్ళు. నలభై డిగ్రీల ఎండలో కోసిన పండు సాయంత్రం దాకా నిలవదు, మధ్యాహ్నమే తినెయ్యి. మొదటిసారి చిన్న గిన్నెడే తిను. అలవాటు లేని పొట్ట జొన్న పీచును ఒకేసారి భరించలేదు.

ఉప్పు చూసేటప్పుడు గింజ ఒక్కటే నోట్లో వేసుకోకు. గింజా, మామిడి ముక్కా, పుదీనా కలిపి నమిలి చూడు. చప్పగా అనిపిస్తే ఉప్పు వెయ్యకముందు నాలుగు చుక్కల నిమ్మరసం వేసి మళ్ళీ చూడు. చాలాసార్లు దానితోనే సరిపోతుంది. వచ్చేవారం మీ నాన్న హైదరాబాద్ వస్తున్నాడు, రెండు కిలోల జొన్నలూ అర డజను బేనిషాలూ పంపుతున్నాను. కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, కాగితంలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టు, మూడో రోజు నుంచి రోజూ వాసన చూడు.

ఇట్లు,
మీ పెద్దమ్మ
నంద్యాల