బాల్యమున కన్న కల – పెద్దతనమున చేయు కాయకము



విశాఖపట్టణము రేవులోనికి పెద్ద ఓడ వచ్చుచుండగా డాల్ఫిన్ నోస్ కొండ దరి నుండి చూచిన బాలుడెవ్వడును ఆ దినమున ఓడ కప్తాను కావలెనని తలంపక మానడు. రేవు ముఖద్వారము ఇరుకైనది. రేవు పైలట్టు చిన్న పడవలో ఎదురేగి ఓడ నెక్కి దారి చూపును. టగ్గులు ఓడను పట్టి మెల్లగా త్రిప్పును. గట్టుపై నున్న పనివారు మోకులనందుకొని కట్టుదురు. బాలుని కంటికి మాత్రము కప్తాను ఒక్కడే కనబడును. నాలుగైదేండ్లు గడచిన పిమ్మట అదే బాలుని ప్రశ్నించిన ఇంజనీరునగుదునని చెప్పును. పదవ తరగతి దాటిన పిదప కంప్యూటరు చదువు మాట యెత్తును. ఇరువది రెండేండ్లు వచ్చునప్పటికి ఏది దొరకిన అదియే చాలుననును. ఈ మార్పులను చూచి కొందరు తల్లిదండ్రులు బిడ్డకు నిలుకడ లేదని చింతింతురు. మరికొందరు తమకు దక్కని కోరికను బిడ్డ నోట పలికించి, అది బిడ్డ కలయేయని నమ్ముదురు. రెండవవారి పొరపాటు పెద్దది.

కలలు మారుట దోషము కాదని ఈ విషయమును శ్రద్ధగా పరిశీలించిన పండితులు చెప్పియున్నారు. 1951లో అమెరికా దేశమున ఎలీ గింజ్‌బర్గ్ తన సహచరులతో కలిసి, వృత్తిని ఎన్నుకొనుట ఒకనాటి నిర్ణయము కాదనియు, బాల్యము నుండి యౌవనము వరకు సాగు నడక అనియు వివరించెను. సుమారు పదునొకండేండ్ల వరకు ఊహయే రాజ్యమేలును. పదునేడేండ్ల వరకు ఇష్టము, శక్తి, విలువలు అను మూడింటిని బాలుడు ఒకదాని వెంట ఒకటిగా తూచుకొనును. ఆ పిమ్మట లోకములోని అవకాశములతో సంధి కుదుర్చుకొనును.

1981లో లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ అను విదుషీమణి చెప్పిన విషయము వీరశైవ గృహములకు మరింత ముఖ్యమైనది. ఆమె మతమున బాలుడు కలలను చేర్చుకొనుచు పెరుగడు, కొట్టివేయుచు పెరుగును. మూడు నుండి ఐదేండ్ల లోపల పెద్దవారు, బలవంతులు చేయు పని వానిని ఆకర్షించును. ఆరు మొదలు ఎనిమిదేండ్లలో ఇది మగవారి పని, ఇది ఆడువారి పని యని కొన్నింటిని కొట్టివేయును. తొమ్మిది నుండి పదమూడేండ్ల మధ్య ఇది గౌరవమైన పని, ఇది తక్కువ పని యని మరికొన్నింటిని కొట్టివేయును. తనకేది ఇష్టము, తన స్వభావమునకేది తగును అను ప్రశ్న పదునాలుగవ ఏట గాని రాదు. అప్పటికి పలకపై మిగిలియుండునవి నాలుగైదు మాత్రమే. ఎవ్వరును వానికి ప్రత్యేకముగా బోధింపరు. ఇంట భోజనమువేళ దొర్లు మాటలే చాలును.

ఇచ్చట అనుభవ మంటపము జ్ఞప్తికి రావలెను. 12వ శతాబ్దమున కళ్యాణమున కూడిన శరణుల పేర్లను పరికింపుడు. మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. మేదర కేతయ్య బుట్టలల్లువాడు. నులియ చందయ్య త్రాళ్ళు పేనువాడు. డోహర కక్కయ్య తోళ్ళు పదును చేయువాడు. సుంకద బంకణ్ణ సుంకము వసూలు చేయువాడు. కదిర రెమ్మవ్వ రాట్నము త్రిప్పునది. లోకము ఏ వృత్తినామమును తక్కువ చేసి పలికెనో, దానినే వారు తమ పేరునకు ముందు నిలుపుకొనిరి. ఎనిమిది వందల యేండ్లుగా ఆ పేర్లు అట్లే పలుకబడుచున్నవి. నేటి మన యిండ్లలో జరుగుచున్నదేమి? ఉదయమున శరణుల నామములను భక్తితో స్మరించిన నోటనే, సాయంకాలము పిల్లవానికి మార్కులు తగ్గినచో, "చదువకున్న బట్టలుతుకుకొని బ్రతుకుదువు" అను మాట వచ్చును. ఆ బాలునికి పదేండ్లు. కొట్టివేయు వయస్సు అదే. ఉదయపు స్మరణ వాని చెవి దాక పోవును. సాయంకాలపు మాట మనస్సులోనికి దిగును.

కాయకమనగా ఉద్యోగమని అర్థము చెప్పుకొనుట కూడ తొందరపాటే. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలనేరి తెచ్చి, దానితో దాసోహము చేయువాడు. ఒకనాడు నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ అది అవసరమునకు మించినదని గ్రహించి, ఎచ్చటి నుండి తెచ్చితివో అచ్చటనే పోసి రమ్మనెను. కాయకము కైలాసముతో సమానమను సిద్ధాంతమును ఆ దంపతుల పేర చెప్పుకొనుచున్నాము. కాని అందులో లక్కమ్మ విధించిన కొలతను మరచుచున్నాము. పని సత్యమైనదై యుండవలెను. దాని ఫలము దాసోహమునకు చేరవలెను. ఈ రెండును ఉన్నచో గింజలేరుటయు కాయకమే. లేనిచో ఎంత పెద్ద ఉద్యోగమైనను సంపాదన మాత్రమే.

బాల్యపు కల ఎట్లు మారునో తెలిసికొనుటకు సొన్నలిగె సిద్ధరాముని కథ కంటె మంచి పాఠము లేదు. సొన్నలిగె యనగా నేటి షోలాపురము. కన్నడ కవి రాఘవాంకుడు ఆ శివయోగి చరిత్రను కావ్యముగా రచించెను. బాలుడైన సిద్ధరాముడు మాటలాడక మందమతివలె ఉండెననియు, ఇంటివారు పశువులను కాయ పంపిరనియు కథ. పొలమున మల్లయ్య జంగమ రూపమున వచ్చి ఆకలియనెను. బాలుడు ఇంటికి పరుగిడి ఆహారము తెచ్చునప్పటికి ఆయన లేడు. ఏడ్చుచు వెదకి, యాత్రికులతో కలిసి మన శ్రీశైలమునకు నడచివచ్చెను. గుడిలోని లింగమును చూపి "ఇతడే మల్లయ్య" యని అర్చకులు చెప్పగా వాడు ఒప్పుకొనలేదు. తన పొలమునకు వచ్చి మాటలాడిన మల్లయ్యయే కావలెననెను. ఆ వేదనతో లోయలో దూకబోగా దేవుడు పట్టి నిలిపెను. బాలుని కల ఒక్కటే: శ్రీశైలమున మల్లయ్య చెంతనే ఉండిపోవుట. దేవుడిచ్చిన యాజ్ఞ వేరు: తిరిగి సొన్నలిగెకు పొమ్ము, అచ్చట లింగములను నిలుపుము, చెరువు త్రవ్వుము.

వాడు వెనుకకు మరలెను. చెరువు త్రవ్వించెను. ఊరు క్షేత్రమయ్యెను. ఇంతటితో కథ ముగియలేదు. చెరువుపని సాగుచున్నప్పుడు అల్లమప్రభువు వచ్చి, "వడ్డ రాముడెక్కడ" యని పిలిచెను. మట్టి మోయువాడని ఎత్తిపొడుపు. (ఆ మాట నొప్పించుటకే పలుకబడినను, కన్నడ దేశపు వడ్డెరలు నేడు సిద్ధరామేశ్వరుని తమ గురువుగా కొలుచుచున్నారు.) చెరువు కట్టితినను అభిమానము కూడ బంధమేయని అల్లముడు తెలిపి, ఆయనను కళ్యాణమునకు తోడ్కొనిపోయెను. అచ్చట చెన్నబసవన్న వలన ఇష్టలింగ దీక్ష లభించెను. పశువులు కాచినవాడు, యాత్రికుడు, చెరువు కట్టినవాడు, శివయోగి. నాలుగు పర్యాయములు మార్గము మారెను. పొలమున ఆకలిగొన్నవానికై పరుగిడిన ఆ పరుగు మాత్రము మారలేదు.

బసవేశ్వరుని జీవితమునందును ఇట్టి మలుపు కలదు. బాల్యముననే ఉపనయనమును త్రోసిపుచ్చి కూడలసంగమమును చేరిన బసవన్న అచ్చటనే సంగమేశ్వరుని పూజలో ఆయువు గడపదలచెను. బిజ్జలుని మంగళవాడకు పొమ్మని దేవుడు స్వప్నమున ఆజ్ఞాపింపగా ఆయన మిక్కిలి దుఃఖించెనని హరిహరుని రగళె చెప్పును. పూజలో ఉండదలచినవాడు రాజభాండారమున లెక్కలు వ్రాయు కరణమై చేరవలసివచ్చెను. ఆ లెక్కల పీటయే ఆయనను భాండారిని చేసెను. కళ్యాణమున మంత్రిని చేసెను. శరణులందరిని ఒకచోట చేర్చు శక్తినిచ్చెను. తెలుగువారికి పాల్కురికి సోమనాథుని బసవపురాణము వలన ఈ మహనీయుడు చిరపరిచితుడే. ఐనను, ఆయన కోరిన జీవితము ఆయనకు దక్కలేదను సంగతిని మన పిల్లలకు చెప్పుట అరుదు. పరీక్ష తప్పి, కోరిన సీటు రాక గదిలో తలుపు వేసికొని కూర్చున్న బిడ్డకు చెప్పదగిన కథ అదియే.

ఇక విశాఖపట్టణము వైపు మరల చూతము. కలలు మనుష్యులకు మాత్రమే కాక ఊళ్ళకును ఉండును. 1933 అక్టోబరులో జలదుర్గ యను ఓడ క్రొత్త రేవులో ప్రవేశించినది మొదలు బెస్త పల్లెల ప్రక్క రేవు ఉద్యోగములు వెలసినవి. 1941 జూన్ 21న బాబు రాజేంద్రప్రసాద్ ఓడల కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14న జల ఉష యను ఓడను నెహ్రూ జలప్రవేశము చేయించిరి. ఆ కర్మాగారమును తలపెట్టిన వాల్‌చంద్ హీరాచంద్ 1882లో జన్మించినది సిద్ధరాముని షోలాపురమునందే. ఆయన కుటుంబము ప్రత్తి వ్యాపారము, వడ్డీ వ్యాపారము చేయు జైన కుటుంబము. ఆయన అది వదలి రైలుమార్గముల గుత్తేదారయ్యెను. 1919లో ఓడల వ్యాపారమున దిగెను. సముద్రము లేని ఊరిలో పుట్టిన బాలుడు కడకు విశాఖలో ఓడలు కట్టించెను.

ఉక్కు కర్మాగారపు కథ ఇంకను బరువైనది. 1966లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అను నినాదముతో సాగిన ఉద్యమమున 32 మంది ప్రాణములు పోయినవి. 1970 ఏప్రిల్‌లో ప్రధాని ఇందిరాగాంధి పార్లమెంటున ప్రకటన చేసిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగెను. 1992 ఆగస్టు 1న కర్మాగారము జాతికి అంకితమయ్యెను. దానికై అరువదికి పైగా గ్రామముల నుండి సుమారు 22,000 ఎకరముల భూమి సేకరింపబడినది. సేద్యము తన కొడుకునకు అప్పగింతుననుకొన్న రైతు చేతికి ఆర్ కార్డు వచ్చినది. ఆ కార్డుపై ఉద్యోగము వచ్చునను ఆశ ఆ యింటి క్రొత్త కలయైనది. కొందరికి దొరకినది. అనేకులు ఎదురు చూచుచు వయస్సు మీరిరి. దొరకినవారు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యను పేర్లు గల మూడు బ్లాస్టు ఫర్నేసుల యొద్ద మూడు షిఫ్టులు పనిచేసి పిల్లలను చదివించిరి. ఆ పిల్లలు కొలిమి యొద్దకు రానొల్లక హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా దారి పట్టిరి. నాగలి, కొలిమి, కంప్యూటరు: మూడు తరములు. 2021 జనవరిలో కర్మాగారమును ప్రైవేటుపరము చేయ కేంద్రము సూత్రప్రాయముగా నిర్ణయించినపుడు కార్మికులు వీధికెక్కిరి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటింపబడినది. శాశ్వతమనుకొన్న ఉద్యోగము కూడ కదలునని ఆ యేండ్లలో ఇంటింట తెలిసినది. బిడ్డ కలను ఒక కర్మాగారపు ద్వారమునకు గాని, ఒక కోర్సు పేరునకు గాని కట్టివేయుట ఎంత బలహీనమైన ముడియో అచ్చటివారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఐనను కట్టివేయుట తగ్గలేదు. 2018లో 41 దేశముల పదునైదేండ్ల పిల్లలను ప్రశ్నింపగా బాలురలో 47 శాతము, బాలికలలో 53 శాతము కేవలము పది ఉద్యోగములనే పేర్కొనిరి. ఆ పరిశీలనలో మన దేశము లేదు. ఉన్నచో ఆ పది రెండుగా తగ్గియుండునేమో.

ఆడుబిడ్డల విషయమున కొట్టివేత ఇంకను ముందుగా మొదలగును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము రాత్రివేళ స్త్రీలను కర్మాగార పనిలో నియమించుటను నిషేధించెను. ఆ నిషేధము ఇటీవలనే సడలినది. చట్టము సడలినను ఇంటిలోని మాట సడలుటకు కాలము పట్టును. ఇష్టలింగమును ఆడుబిడ్డకును కట్టిన మతము మనది. లింగధారణలో లేని భేదము వృత్తిలో ఎట్లు వచ్చినదని ఆరేండ్ల బాలిక అడిగినచో జవాబు చెప్పుట కష్టము.

మఠములకు సంబంధించిన మాట ఒకటి కలదు. కొందరు బాలురను పసితనముననే పట్టమునకు ఎన్నుకొనుట ఆచారమై యున్నది. ఆ బాలుడు తానేమి కాగోరెనో అడుగుట ఆచారము కాలేదు. సిద్ధగంగ మఠపు శివకుమార స్వాముల వృత్తాంతము ఇచ్చట ఆలోచింపదగును. 1907లో జన్మించిన వారు బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదువుచుండిరి. మఠమునకు ఉత్తరాధికారిగా నిర్ణయింపబడినవారు మరుళారాధ్యులు, వారి మిత్రులు. 1930 జనవరిలో మరుళారాధ్యులు అకస్మాత్తుగా లింగైక్యులు కాగా, అంత్యక్రియలకు వచ్చిన ఈ విద్యార్థిని ఉద్దాన శివయోగులు ఎన్నుకొనిరి. అప్పటికి వారు యుక్తవయస్కులు, చదువుకొన్నవారు, ఔననుటకును కాదనుటకును శక్తి గలవారు. 2019 జనవరి 21న 111 ఏండ్ల వయస్సున లింగైక్యులగునంతవరకు వేలకొలది బీద పిల్లలకు అన్నము, చదువు ఆ మఠమున లభించుచు వచ్చినవి. ఎనిమిదేండ్ల బాలునికి కాషాయము కట్టునప్పుడు, ఔననుటకు తగిన వయస్సు వచ్చిన పిదప మరల ఒక పర్యాయము అడుగుదుమని మాట యిచ్చుట మఠమునకు లోటు కాదు.

గృహస్థులు చేయదగినది ఇంతకంటె సులభము. రేవునందో, ఉక్కు కర్మాగారమునందో పనిచేయు తండ్రి రెండవ షిఫ్టు ముగించి రాత్రి పదిగంటలు దాటిన పిదప ఇల్లు చేరును. ఆయన జీతమెంతో పిల్లలకు తెలియును. ఆయన ఆ దినమున ఏమి చేసెనో తెలియదు. సెలవు దినమున సాయంకాలము లింగపూజ ముగిసిన పిమ్మట కొంతసేపు ఆ పనిని గూర్చి చెప్పవలెను. మోకు ఎట్లు కట్టుదురో, కరిగిన ఇనుము ఎట్లు ప్రవహించునో, ఆ దినమున ఎవరికి ఏ ప్రమాదము తప్పినదో చెప్పవలెను. తల్లి తన పనిని గూర్చి చెప్పవలెను. అటుపిమ్మట పిల్లవానిని "నీవు ఏమగుదువు" అని కాక "నీకు ఈ వారము ఏ పనిలో పొద్దు తెలియలేదు" అని అడుగవలెను. జవాబు ప్రతి వారము మారును. వ్రాసి యుంచినచో, పదేండ్ల తరువాత ఆ కాగితములను చదువువాడు పిల్లవాడే.